ఉన్న ఒక్క దాతా ఆగిపోతున్నారు, మా సాయంత్రం బడి మూసేయాలా?

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. పల్నాడు జిల్లాలో ఓ చిన్న ఊరు మాది. 2018లో ఏడుగురం కలిసి సొసైటీ రిజిస్టర్ చేయించి, కూలిపనులకు వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం సాయంత్రం బడి పెట్టాం. ఇప్పుడు 60 మంది పిల్లలు, ముగ్గురు టీచర్లు ఉన్నారు. జీతాలు, అద్దె, కరెంటు కలిపి నెలకు ₹32,000 ఖర్చు. అందులో ₹24,000 హైదరాబాద్‌లో స్థిరపడిన మా ఊరి పెద్దాయన ఒక్కరే ఇస్తున్నారు. మిగతాది చిన్న చిన్న చందాలు, అవీ తగ్గితే నా పెన్షన్. వచ్చే జూన్ నుంచి ఇవ్వలేనని ఆయన మొన్న ఫోన్ చేశారు. కమిటీలో చివరికి నేనూ, ఖజాంచీ మిగిలాం. అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు బిల్డింగ్ కట్టిస్తామంటున్నారు. నేను ఒక్కరోజు వెళ్ళకపోతే బడి నడవదు. మావారేమో ఇక మూసెయ్యమంటున్నారు. మా చుట్టుపక్కల మంచి ఉద్దేశంతో మొదలైనవన్నీ నాలుగైదేళ్ళకే మూతపడ్డాయి. ఎందుకిలా అవుతుంది? మాదీ అంతేనా?

— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ఇప్పుడే మూసేయనక్కర్లేదు. కానీ ఇప్పుడు నడుపుతున్నట్టే నడిపితే మూతపడుతుంది. ఆ దాత మనసు మార్చుకుని ఇంకో రెండేళ్ళు ఇచ్చినా సరే, ఆ రెండేళ్ళ తర్వాత మూతపడుతుంది. మీ టెన్షన్ అంతా ఆ ₹24,000 గురించి. నాకు మాత్రం ‘నేనూ, ఖజాంచీ మిగిలాం’ అన్న మాట దగ్గర గుండె ఝల్లుమంది.

కిరాణా కొట్టువాడు పుచ్చిన కందిపప్పు అమ్మితే రెండో నెలకే తెలిసిపోతుంది. జనం రావడం మానేస్తారు. సేవా సంస్థకు ఆ వసతి లేదు. డబ్బిచ్చే ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, చదువు అందుకునే పిల్లాడు మీ ఊళ్ళో ఉంటాడు. ఆయన చూడడు, వీడు అడగడు. ఉచితంగా వచ్చేదాన్ని బాగాలేదని ఏ తల్లి అంటుంది? దాంతో పని బాగా నడుస్తున్నా, నడవకపోయినా బయటికి ఒకేలా కనిపిస్తుంది. ఆగస్టు 15కి జెండా ఎగురుతుంది, ఫొటోలు వస్తాయి. ఒకరోజు డబ్బు ఆగుతుంది, అంతటితో అయిపోతుంది. సంస్థలు పడిపోవడానికి మోసం, రాజకీయం లాంటి కారణాలు చాలా చెబుతారు. ఉన్నాయి, కాదనను. నేను చూసిన చిన్న సంస్థల్లో ఎక్కువ భాగం మాత్రం అడిగేవాళ్ళు లేక పోయాయి.

మన దగ్గర దీనికి మొహమాటం తోడవుతుంది. ‘పెద్దావిడ ఇంత సేవ చేస్తుంటే లెక్కలు అడుగుతామా’ అని కమిటీవాళ్ళు నోరు మూసుకుంటారు. అడిగే పని లేనప్పుడు మీటింగుకి రావడం దేనికి? మెల్లగా మానేస్తారు. మీ అయిదుగురూ అలాగే జారిపోయి ఉంటారు. వాళ్ళమీద మీకు కోపం ఉన్నట్టుంది గానీ, చివరిసారి వాళ్ళను ఏదైనా నిర్ణయం అడిగింది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. సంతకం అడగడం లెక్కలోకి రాదు.

ఇది చిన్న ఊళ్ళ జబ్బు మాత్రమే అనుకోకండి. లండన్‌లో కిడ్స్ కంపెనీ అని ఒక సంస్థ ఉండేది. దిక్కులేని పిల్లల కోసం కమిలా బాట్‌మాంగెలిజ్ అనే ఆవిడ 1996లో స్థాపించారు. ప్రధానమంత్రుల దాకా ఆవిడ మాటకు విలువిచ్చేవాళ్ళు. ఏళ్ళ తరబడి ప్రభుత్వం ఇచ్చిందే 40 మిలియన్ పౌండ్లు దాటింది. వచ్చిన ఏ పిల్లాడినీ కాదనకూడదన్నది ఆవిడ నియమం. అందుకని వచ్చింది వచ్చినట్టే ఖర్చయ్యేది, నిల్వ అంటూ దాదాపు ఏమీ మిగిలేది కాదు. 2015 జులై ఆఖరులో ప్రభుత్వం మరో 3 మిలియన్ పౌండ్లు ఇచ్చింది. వారం తిరక్కుండా, ఆగస్టు 5న సంస్థ తలుపులు మూసేసింది. సంస్థ మీద వచ్చిన ఆరోపణలపై పోలీసులు విచారణ జరిపినా ఎవరిమీదా కేసు పెట్టలేదు. ట్రస్టీలను అనర్హులుగా ప్రకటించమన్న కేసును కూడా 2021లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఆరోపణలు రాకపోయి ఉంటే సంస్థ బతికేదేమోనని కూడా కోర్టు అంది. అది నిజమే కావచ్చు. కానీ చేతిలో ఆరు నెలల ఖర్చు ఉన్న సంస్థ ఒక పుకారుకు వారంలో కూలిపోదు కదా. ఎవరూ డబ్బు తినలేదు, అందరూ మంచివాళ్ళే, అయినా సంస్థ పోయింది. మీరు భయపడాల్సింది ఇలాంటి పతనానికే, ఎందుకంటే మీరూ మంచివాళ్ళే.

ఇక ఒకే దాత సంగతి. మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. గోదావరి జిల్లాలతో పాటు పలు జిల్లాల్లో, దాదాపు 200 గ్రామాల్లో వైద్యం, మంచినీళ్ళు, చదువు మీద పనిచేసింది. పని బాగుండేదనే చాలామంది చెబుతారు. అదే కుటుంబం చొరవతో 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ మొదలైంది. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల మోసం ఒప్పుకుంటూ లేఖ రాసేసరికి రెండింటికీ ఒకేసారి నెత్తిన పిడుగు పడింది. 108 ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వాలు భరిస్తున్నాయి, కొన్ని నెలల్లో జీవీకే సంస్థ ముందుకొచ్చి బాధ్యత తీసుకుంది. ఫౌండేషన్ మాత్రం ప్రధానంగా ఆ కుటుంబం డబ్బు మీదే నడిచింది, అందుకే నిధులు ఎండిపోయి కార్యక్రమాలు కుంచించుకుపోయాయి. గ్రామాల్లో పనిచేసినవాళ్ళ తప్పు అందులో ఏముంది? హైదరాబాద్‌లో ఒక కంపెనీ లెక్కలు తప్పయితే భీమవరం పక్కన పల్లెలో మందులు ఆగాయి.

మీ లెక్కలో నాలుగింట మూడు వంతులు ఒక్కరిదే. ఆయన వ్యాపారం ఎలా ఉందో, కొడుకు ఏమంటున్నాడో మీకు తెలియదు. ఇన్నేళ్ళు ఇచ్చినందుకు దణ్ణం పెట్టి, ఒక్క కోరిక కోరండి: జూన్‌లో ఒక్కసారిగా ఆపకుండా ఏడాదిపాటు సగం ఇవ్వమనండి. ‘కొనసాగించండి’ అని బతిమాలడం కన్నా ఇది ఒప్పుకోవడం ఆయనకు సులువు. ఒప్పుకోకపోయినా నష్టం లేదు.

ఆయన స్థానంలో ఇంకో పెద్దమనిషి కోసం మాత్రం వెతకొద్దు. నెలకు ₹600 ఇచ్చేవాళ్ళు 40 మంది దొరికితే అదే ₹24,000. వాళ్ళలో ఏడాదికి అయిదుగురు మానేసినా బడి ఆగదు, ఇంకో అయిదుగురిని వెతుక్కుంటారు. మీరు ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి ఉంటారు. మీ పాత విద్యార్థుల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ఎంతమంది? ఇంతవరకు ఎంతమందిని అడిగారు? ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను. అడగడం చిన్నతనం అనిపిస్తే, మీ కోసం అడగడం లేదని గుర్తుపెట్టుకోండి. అడిగేటప్పుడు బ్యాగులకో నోటుపుస్తకాలకో అడగకండి, టీచర్ల జీతాలకని స్పష్టంగా చెప్పండి. మనవాళ్ళకు ఇదొక విచిత్రమైన పట్టింపు. బ్యాగులు పంచి ఫొటో దిగడానికి పదివేలిస్తారు, బ్యాగులోని పుస్తకం చదవడం నేర్పే అమ్మాయి జీతం అంటే ‘అదంతా మీ ఖర్చులకేగా’ అంటారు. జీతాలే అసలు పని. తక్కువ జీతమిచ్చి ఏడాదికో టీచర్‌ని మార్చే సాయంత్రం బడి కన్నా, లేకపోవడమే మేలు.

వచ్చే ప్రతి రూపాయిలో కొంత పక్కన పెట్టండి. ముందు మూడు నెలల ఖర్చు ₹96,000, తర్వాత ఆరు నెలల ఖర్చు ₹1,92,000 బ్యాంకులో ఉండాలి. ‘పిల్లలకు ఖర్చు పెట్టకుండా దాచుకుంటారా’ అనేవాళ్ళు ఉంటారు. అననివ్వండి. ఇంకో మాట, చందాలు మీ సొంత ఫోన్‌పే నంబరుకి వస్తున్నాయేమో చూసుకోండి. చాలాచోట్ల అదే జరుగుతోంది. సొసైటీ ఖాతాకే క్యూఆర్ పెట్టించండి, ప్రతిదానికీ రశీదు ఇవ్వండి. మీరు పెన్షన్‌లోంచి వేసే డబ్బుకి కూడా. అది చందానో, అప్పో పుస్తకంలో రాయకపోతే అసలు ఖర్చు ఎంతో మీకే తెలియదు.

అమెరికా డబ్బు దగ్గర కాసేపు ఆగుదాం, ఇక్కడ తెలియక ఇరుక్కునేవాళ్ళు ఎక్కువ. విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, మనిషి ఏ దేశంలో ఉన్నాడని చూడదు, ఏ దేశ పౌరుడని చూస్తుంది. హెచ్1బీ మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉండి ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, మీ ఊళ్ళోనే పుట్టినా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. వాళ్ళ దగ్గర ఒక్క రూపాయి మీ మామూలు ఖాతాలో పడినా తప్పే. అక్కడి తెలుగు సంఘం పేరున వచ్చినా అంతే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ తెచ్చుకుందామంటే, సంస్థకు మూడేళ్ళు నిండి, గత మూడేళ్ళలో అసలు కార్యక్రమాల మీద ₹15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. మీ లెక్క ప్రకారం మూడేళ్ళకు ₹11.5 లక్షలే అవుతుంది, కాబట్టి ఇప్పట్లో రాదు. ఫలానా దాత, ఫలానా మొత్తం, ఫలానా పని అని చూపించి ముందస్తు అనుమతి అడిగే దారి ఒకటి ఉంది, అది ఓపికతో చేయాల్సిన పని. ఏ దారిలో వచ్చినా ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఇదివరకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ విదేశీ డబ్బు తీసుకుని చిన్నవాళ్ళకు పంచేది. 2020 సవరణతో అదీ పోయింది. ‘మీ సొంత అకౌంట్‌కి వేస్తాం, మీరు వాడుకోండి’ అని ఎవరైనా అంటే వెంటనే వద్దని చెప్పండి. అది సాయం కాదు, మిమ్మల్ని కేసులో నిలబెట్టడం.

ఇంతకీ మీకు బిల్డింగ్ కావాలా? ఉత్తరంలో ఎక్కడా చోటు చాలడం లేదని రాయలేదు. కట్టించేవాళ్ళకు శిలాఫలకం ఉంటుంది, ప్రారంభోత్సవం ఉంటుంది. కరెంటు బిల్లు, సున్నం, వాచ్‌మన్ మీ నెత్తిన ఉంటాయి. దాత ముచ్చట ముందు, అవసరం తర్వాత అయితే ఏమవుతుందో చూపడానికి ఆఫ్రికాలో ప్లేపంప్ అని ఒకటి జరిగింది. పిల్లలు రంగులరాట్నం తిప్పి ఆడుకుంటుంటే బోరులోంచి నీళ్ళు పైకి వస్తాయి. వింటేనే ముచ్చటేస్తుంది కదా? 2006లో అమెరికాలో ప్రభుత్వమూ, దాతలూ కలిసి 16.4 మిలియన్ డాలర్లు ప్రకటించారు, 2010 కల్లా 4,000 పంపులు వేస్తామన్నారు. తర్వాత గార్డియన్ పత్రిక లెక్కేస్తే, చెప్పినంతమందికి నీళ్ళు అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని తేలింది. చివరికి ఆడవాళ్ళు నడుములు వంచి ఆ చక్రాన్ని చేత్తో తిప్పుకోవలసి వచ్చింది. వాళ్ళను ముందుగా అడిగి ఉంటే మామూలు చేతిపంపే చాలనేవాళ్ళు. మీ అమెరికా పిల్లల్లో భారత పౌరులు ఎవరున్నారో కనుక్కుని, బిల్డింగ్ బదులు రెండేళ్ళపాటు ఒక టీచర్ జీతం ఇస్తారా అని అడిగి చూడండి. ఒప్పుకునేవాళ్ళు మీకు నిజంగా పనికొచ్చేవాళ్ళు.

ఇప్పుడు కమిటీ. సొసైటీ పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలని 2001 నాటి మన సొసైటీల చట్టం చెబుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి. మీరు పంపుతున్నారని నాకు నమ్మకం లేదు. రికార్డుల్లో ఆ అయిదుగురూ ఇంకా సభ్యులే. ఇవాళ వాళ్ళకు పట్టదు, రేపు స్థలమో బిల్డింగో వస్తే అందరికీ గుర్తొస్తుంది. వాళ్ళను పిలవండి. ఉంటామన్నవాళ్ళను ఉంచండి, లేమన్నవాళ్ళ దగ్గర రాజీనామా రాయించుకోండి. ఖాళీల్లోకి మీ చెల్లెలినీ, ఖజాంచి బావమరిదినీ తీసుకోకండి. బ్యాంకులో పనిచేసి రిటైరైనవారు ఒకరు, ఊరి స్కూల్ హెడ్‌మాస్టరు, మీ దగ్గర చదువుకుని ఇప్పుడు డిగ్రీలో ఉన్న అమ్మాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పుడు చదువుతున్న పిల్లల తల్లులు ఇద్దరు. చదువు రాకపోయినా పర్వాలేదు, లెక్కలు చదివి వినిపించండి. అడిగే హక్కు అందరికన్నా వాళ్ళకే ఉంది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన సేవా సంస్థ ఆర్డీటీని (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చూడండి. 2009లో ఆయన పోయాక కూడా సంస్థ నిలబడింది. 2025లో ఎఫ్‌సీఆర్‌ఏ రెన్యువల్ చిక్కుల్లో పడితే ఆ జిల్లా జనమే రోడ్డెక్కారు. మీ బడి మూతపడుతుందంటే మీ వీధిలో ఎవరు బయటికొస్తారు? ఆ జవాబు మీకే తెలియాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏబీ, దాతలకు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ రిజిస్ట్రేషన్లు తీసుకుని ఉంటే గడువు చూసుకోండి. 2021లో కొత్త పద్ధతిలో అయిదేళ్ళకు వచ్చినవి 2026 మార్చి 31 వరకే. రెన్యువల్ మరిచిపోతే మామూలు పన్ను మాత్రమే కాదు, సంస్థ ఆస్తుల మీద కూడా పన్ను పడే ప్రమాదం ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు, ఆడిటర్‌ని ఓసారి కూర్చోబెట్టి అడగండి. 80జీ లేకపోతే దిగులు పడకండి. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులకు ఆ మినహాయింపు ఎలాగూ రాదు.

మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడుగుతాను. పిల్లలకు చదువు వస్తోందా? అరవై మంది ఉన్నారని రాశారు, హాజరు బాగుందనుకుందాం. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలో ఒక చిన్న పరీక్ష ఉంటుంది. పిల్లాడిని ఒంటరిగా కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. ఎక్కడ ఆగితే అదే వాడి స్థాయి. మీ టీచర్లు ముగ్గురూ రెండు సాయంత్రాల్లో అరవై మందినీ చూసేయగలరు. పుస్తకంలో రాసిపెట్టండి, నాలుగు నెలల తర్వాత మళ్ళీ చూడండి. హోంవర్కు పూర్తి చేయించి పంపేస్తున్న సాయంత్రం బళ్ళు ఎన్నో ఉన్నాయి, ఆ హోంవర్కులో ఏం రాశాడో పిల్లాడు చదవలేడు. మీదీ అలాంటిదే అని తేలితే బాధ కలుగుతుంది, కానీ బోధన మార్చుకోవచ్చు. పిల్లలు పుంజుకున్నట్టు తేలితే, ఆ 40 మంది దగ్గరికి పట్టుకెళ్ళడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు.

‘నేను ఒక్కరోజు వెళ్ళకపోతే నడవదు’ అన్నారు. ఆ మాటలో కొంచెం గర్వం కూడా వినిపించింది, ఏమీ అనుకోకండి. ఈ వేసవిలోపు రెండు వారాలు కావాలనే వెళ్ళకండి. తాళాలు, పాస్‌బుక్, హాజరు పట్టీ ఎవరి దగ్గర ఉండాలో ముందే రాసి ఇచ్చి, మీ అమ్మాయి ఇంటికో తీర్థయాత్రకో పోయి రండి. ఫోన్లు ఎత్తకండి. ఏవి ఆగిపోయాయో వచ్చి చూసుకుంటే, ఎవరికి ఏం నేర్పాలో తెలుస్తుంది. చెక్కుల మీద ఇద్దరి సంతకాలు అన్న నియమం కూడా అప్పుడే పెట్టండి, అందులో మీ సంతకం తప్పనిసరి కాకుండా చూడండి.

మీవారు మూసెయ్యమనడంలో తప్పు లేదు, మీ పెన్షన్ అందులో కరిగిపోతుంటే ఇంట్లో వాళ్ళు కాక ఇంకెవరు అడుగుతారు? ఆయనకు ఒక గడువు చెప్పండి. మార్చి ఆఖరుకి కమిటీలో ఏడుగురు కూడాలి, నెలనెలా ఇస్తామన్నవాళ్ళు కనీసం పాతికమంది తేలాలి. తేలితే జూన్‌లో తెరవండి, అవసరమైతే ఇద్దరు టీచర్లతో, 40 మంది పిల్లలతోనే. తేలకపోతే ఏప్రిల్‌లో బడులు మూసే రోజునే మీరూ మూయండి. ఏడాది మధ్యలో మాత్రం వద్దు. ముందుగానే తల్లిదండ్రులకు చెప్పండి, టీచర్లకు ఒక నెల జీతం ఎక్కువ ఇవ్వండి, ఏ పిల్లాడు ఎక్కడిదాకా చదవగలడో ఆ పుస్తకం స్కూల్ హెడ్‌మాస్టరు చేతికివ్వండి. మిగిలిన డబ్బూ, బల్లలూ సభ్యులు పంచుకోకూడదు, అదే పని చేసే మరో సొసైటీకి ఇవ్వాలి. పిల్లలను బడిలో చేర్పించి తాను తప్పుకోవడమే పనిగా పెట్టుకున్న ఎం.వి. ఫౌండేషన్ లాంటి సంస్థలు మన దగ్గరే ఉన్నాయి, కాబట్టి అలా మూస్తే అది ఓటమి కిందికి రాదు.

ముందు ఈ ఆదివారం ఆ పాత అయిదుగురికీ ఫోన్ చేయండి. హైదరాబాద్ ఆయనతో మాట్లాడటం ఆ తర్వాత పెట్టుకోండి.